ముగ్గురు హెడ్లు, మూడు షీట్లు ఉన్న కంపెనీ ఒకే సెగ్మెంట్ అని రాయొచ్చా?

ప్రశ్న: నేను సీఏ చేశాను. హైదరాబాద్‌లో ఓ స్టాఫింగ్ కంపెనీలో ఫైనాన్స్ మేనేజర్‌ని. మాకు మూడు వ్యాపారాలున్నాయి. గోదాములకు, షోరూములకు, ఫ్యాక్టరీలకు మనుషుల్ని మా పేరోల్ మీద పెట్టుకుని పంపే జనరల్ స్టాఫింగ్ ఒకటి. ఇంజినీర్లను కాంట్రాక్టు మీద పంపే ఐటీ స్టాఫింగ్ రెండోది. కంపెనీలకు పర్మనెంట్ ఉద్యోగుల్ని వెతికిపెట్టే రిక్రూట్‌మెంట్ మూడోది. ఈ మూడోది రెండేళ్ల కిందట కొన్న చిన్న సంస్థ, ఇంకా నష్టాల్లోనే ఉంది. ఇప్పుడు మెయిన్ బోర్డు ఐపీఓకి సిద్ధమవుతున్నాం. 'అంతా హెచ్‌ఆర్ సేవే కదా, ఒకే సెగ్మెంట్ అని ఒక్క వాక్యం రాసేయండి' అని మా సలహాదారు అంటున్నారు. మా ఎండీగారికీ అదే నచ్చింది. ఐటీ మార్జిన్ బయటపడితే క్లయింట్లు రేటు తగ్గించమంటారని ఆయన భయం. కానీ ప్రతి నెలా ఆయనకు మూడు వ్యాపారాల లాభనష్టాలు మూడు షీట్లుగా పంపేది నేనే. ఒక్క సెగ్మెంట్ అని రాయడం తప్పా? విడగొడితే హెడ్ ఆఫీస్ ఖర్చు ఎలా పంచాలి? నేను ఎంతవరకు పట్టుబట్టాలి?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం:

అవును, తప్పే. ఎందుకు తప్పో మీ ఉత్తరంలోనే ఉంది. ప్రతి నెలా మూడు షీట్లు పంపుతున్నానన్నారు. వాటిని చూసి ఎక్కడ మనుషుల్ని పెంచాలో, ఎక్కడ ఖర్చు కోయాలో ఎండీగారు తేలుస్తున్నంత కాలం మీకున్నవి మూడు సెగ్మెంట్లు, అంటే లెక్కలు విడిగా చూసే మూడు వ్యాపార భాగాలు. సెగ్మెంట్ల వెల్లడి గురించిన అకౌంటింగ్ స్టాండర్డ్ ఇండ్ ఏఎస్ 108 అడిగేది ముఖ్యంగా ఇదే.

మీ సలహాదారుగారి మాట పాత అలవాటు నుంచి వచ్చి ఉంటుంది. సెగ్మెంట్ల మీద పాత స్టాండర్డ్ అయిన ఏఎస్ 17లో, వ్యాపారాల రిస్కులూ రాబడులూ ఒకదానికొకటి ఎంత భిన్నంగా ఉన్నాయన్నది చూసేవారు. 'అన్నీ ఒకే రకం సేవలు, అన్నీ ఇండియాలోనే' అని రాసి దాటేయడానికి అందులో కొంత వీలుండేది. మెయిన్ బోర్డు లిస్టింగ్‌కి వెళ్లే కంపెనీ ఇండ్ ఏఎస్‌కి మారి తీరాలి. చిన్న కంపెనీల కోసం ఉన్న ఎస్ఎంఈ ఎక్స్ఛేంజీకి వెళ్లేవాళ్లకు ఆ నిర్బంధం లేదు, మీరు వెళ్తున్నది అక్కడికి కాదు. ఇండ్ ఏఎస్ 108కి మూలమైన అంతర్జాతీయ స్టాండర్డ్ ఐఎఫ్ఆర్ఎస్ 8 2006లో వచ్చి 2009 నుంచి అమలైంది. అది వేసే ప్రశ్న వేరు. డబ్బూ మనుషులూ ఏ వ్యాపారానికి ఎంత ఇవ్వాలో తేల్చేది ఎవరు, ఆ వ్యక్తి ముందుకు లెక్కలు ఎన్ని ముక్కలుగా వెళ్తున్నాయి? హోదా ఏదైనా సరే, ఆ పని చేసేది ఎవరన్నదే లెక్క. మీ కంపెనీలో అది ఎండీగారు. ఆయన చూసే ముక్కల్నే వాటాదారుకూ చూపించమంటుంది ఆ స్టాండర్డ్.

ఒకే రంగంలో ఉన్న కంపెనీలు ఒక్కోటీ ఒక్కోలా విడగొట్టడానికి కారణం ఇదే. మ్యాన్‌పవర్‌గ్రూప్ ప్రాంతాల వారీగా చూపిస్తుంది: అమెరికా ఖండాలు, దక్షిణ యూరప్, ఉత్తర యూరప్, ఆసియా పసిఫిక్‌తో కలిపి మధ్యప్రాచ్యం. అడెకో మాత్రం అడెకో, అకోడిస్, ఎల్‌హెచ్‌హెచ్ అని మూడు వ్యాపారాలుగా చూపిస్తుంది. కాలిఫోర్నియాలోని రాబర్ట్ హాఫ్‌లో కాంట్రాక్టు మీద పంపే మనుషుల లెక్క వేరు, పర్మనెంట్ రిక్రూట్‌మెంట్ లెక్క వేరు, 2002లో ఆర్థర్ ఆండర్సన్ నుంచి వచ్చిన 700 మందికి పైగా ఉద్యోగులతో మొదలుపెట్టిన కన్సల్టింగ్ సంస్థ ప్రొటివిటీ లెక్క వేరు. మన దగ్గర టీమ్‌లీజ్‌వి మూడు సెగ్మెంట్లు: జనరల్ స్టాఫింగ్, స్పెషలైజ్డ్ స్టాఫింగ్, ఇతర హెచ్‌ఆర్ సేవలు. మీ కంపెనీ ఆకారం దాదాపు ఇదే. ఐపీఓ కోసం ఇన్వెస్టర్లకిచ్చే మీ ఆఫర్ డాక్యుమెంట్‌లో లిస్టెడ్ కంపెనీలతో పోలిక పట్టిక పెట్టాలి కదా, అందులో టీమ్‌లీజ్ పేరు లేకుండా ఉండదు. అది చదివే సెబీ అధికారి 'వాళ్లకు మూడుంటే మీకు ఒకటెలా అయింది?' అని అడక్కుండా ఊరుకోరు.

ఇక అంకెల్లోకి వెళ్దాం. మీ అసలు అంకెలు రాయలేదు కనుక నేనే కొన్ని అనుకుంటాను. జనరల్ స్టాఫింగ్‌లో 10,000 మంది అసోసియేట్లు (క్లయింట్ల దగ్గరికి పంపే మనుషులు), తలకు నెలకు సగటు బిల్లు జీఎస్టీ కాకుండా 22,000 రూపాయలు. ఏడాదికి 264 కోట్ల టర్నోవర్. జీతం, పీఎఫ్, ఈఎస్ఐ, బోనస్ అన్నీ పోగా కంపెనీకి తలకు నెలకు మిగిలేది 700 అనుకుంటే ఏడాదికి 8.4 కోట్లు. ఐటీలో 300 మంది, తలకు నెలకు లక్ష బిల్లు, 20 శాతం మార్జిన్. అంటే 36 కోట్ల టర్నోవర్, 7.2 కోట్ల మిగులు. రిక్రూట్‌మెంట్‌లో 4 కోట్ల ఫీజు. అక్కడ మీ పేరోల్ మీద ఎవరూ ఉండరు కాబట్టి ఫీజంతా మార్జినే.

మొత్తం టర్నోవర్ 304 కోట్లు, అందులో 87 శాతం జనరల్ స్టాఫింగ్‌దే. గ్రాస్ మార్జిన్, అంటే ఆ మిగుళ్ల మొత్తం, 19.6 కోట్లయితే అందులో దాని వాటా 43 శాతమే. స్టాఫింగ్ కంపెనీ లెక్కల్లో అసలు తిరకాసు ఇక్కడుంది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు చేతుల మీదుగా సీజన్‌లో కోట్ల సరుకు దాటిపోతుంది, ఆయన ఇల్లు గడిచేది మాత్రం కమీషన్ మీదే. స్టాఫింగ్‌లో ఆ దాటిపోయే డబ్బంతా టర్నోవర్‌లోనే రాస్తాం. క్లయింటు డబ్బు కట్టినా కట్టకపోయినా అసోసియేట్‌కి జీతం ఇవ్వాల్సింది, పీఎఫ్ కట్టాల్సింది మీరే. యజమాని మీరే కనుక, ఆదాయం ఎలా రాయాలో చెప్పే ఇండ్ ఏఎస్ 115 కింద మొత్తం బిల్లు మీ ఆదాయమవుతుంది. అలా రాయడంలో తప్పేమీ లేదు. కానీ ఒక్క టర్నోవర్ అంకె చూసి ఇలాంటి కంపెనీని అర్థం చేసుకోవడం ఎవరివల్లా కాదు. సెగ్మెంట్ నోట్ (లెక్కలకు జతచేసే సెగ్మెంట్ల వివరణ) మిగతా రంగాల్లో అదనపు సమాచారమైతే కావచ్చు, స్టాఫింగ్‌లో అది లేకుండా లాభనష్టాల పట్టికకు అర్థమే రాదు.

ఈ మూడూ కదిలే తీరు కూడా వేరు. దసరా, దీపావళికి ఈ-కామర్స్ గోదాములు నిండితే జనరల్ స్టాఫింగ్ పెరుగుతుంది. అమెరికా కంపెనీలు టెక్నాలజీ ఖర్చు తగ్గించుకుంటే మాదాపూర్‌లో ఐటీ స్టాఫింగ్ పడిపోతుంది. రిక్రూట్‌మెంట్ ఇంకా సున్నితం, కంపెనీలు నియామకాలు ఆపిన నెలలో ఫీజు దాదాపు సున్నా అయినా ఆ రిక్రూటర్ల జీతాలు ఆగవు. ఐపీఓలో తన పీఎఫ్ డబ్బుతో షేర్లు కొనే రిటైర్డ్ టీచరుకు ఈ తేడాలు తెలియాల్సిన అవసరం ఉందా లేదా? నా మటుకు నాకు ఇందులో సందేహమే లేదు.

ఇప్పుడు మీ మూడో వ్యాపారం. 'నాలుగు కోట్లది, చిన్నది, దాన్నైనా కలిపేద్దాం' అని ఎవరో ఒకరు అంటారు. సెగ్మెంట్‌ని విడిగా చూపించాలా వద్దా అనడానికి మూడు 10 శాతం పరీక్షలున్నాయి. ఒకటి ఆదాయం, ఒకటి లాభనష్టం, ఒకటి ఆస్తులు. ఏ ఒక్కటి దాటినా చూపించాల్సిందే. ఆదాయంలో 304 కోట్లకు 10 శాతం 30.4 కోట్లు. జనరల్, ఐటీ దాటతాయి, రిక్రూట్‌మెంట్ దాటదు. లాభనష్టాల పరీక్షలో సంగతి మారుతుంది. సొంత సిబ్బంది, బ్రాంచీల ఖర్చు తీశాక జనరల్ లాభం 2.4 కోట్లు, ఐటీ 2.2 కోట్లు, రిక్రూట్‌మెంట్ నష్టం 1 కోటి అనుకుందాం. లాభాల్లో ఉన్నవాటి మొత్తం 4.6 కోట్లు. నష్టాల్లో ఉన్నవాటి మొత్తం 1 కోటి. రెంటిలో పెద్దది తీసుకుని దాంట్లో 10 శాతం లెక్కేస్తే 46 లక్షలు. రిక్రూట్‌మెంట్ నష్టం అంతకు రెట్టింపు పైనే ఉంది, కాబట్టి చూపించి తీరాలి. టర్నోవర్‌లో ఒకటిన్నర శాతం కూడా లేని వ్యాపారాన్ని దాని నష్టమే బయటికి లాగుతోంది. ఈ పరీక్షను ఇలా రాసిపెట్టినవాళ్లకు వ్యాపారం బాగా తెలుసని నాకనిపిస్తుంది.

ఒకేలాంటి సెగ్మెంట్లను కలపడానికి స్టాండర్డ్ ఒక దారి ఇచ్చింది. మీ సలహాదారు తర్వాత పట్టుకునేది దాన్నే. అయితే కలపాలంటే వాటి ఆర్థిక స్వభావం ఒకేలా ఉండాలి, దీర్ఘకాలంలో సగటు గ్రాస్ మార్జిన్లు దగ్గరదగ్గరగా ఉండాలి. దాంతోపాటు సేవ, అది అందించే తీరు, క్లయింట్లు కూడా ఒకే రకమై ఉండాలి. 3.2 శాతం మార్జిన్ ఉన్నదాన్ని, 20 శాతం ఉన్నదాన్ని ఒకేలాంటివని ఏ ఆడిటరూ సంతకం పెట్టకూడదు.

మీరు ఒక్క మాటలో చెప్పి వదిలేసిన విషయం ఒకటుంది, నాకు దాని మీదే ఎక్కువ అనుమానం. రెండేళ్ల కిందట కొన్న సంస్థకు గుడ్‌విల్, అంటే దాని నికర ఆస్తుల విలువకు మించి ఇచ్చిన ధర, రాసే ఉంటారు. ఇండ్ ఏఎస్ 36 ప్రకారం గుడ్‌విల్ విలువ తగ్గిందేమో ఏటా పరీక్షించాలి, ఆ పరీక్ష చేసే యూనిట్ ఆపరేటింగ్ సెగ్మెంట్ కన్నా పెద్దది కాకూడదు. కంపెనీ అంతా ఒకటే సెగ్మెంట్ అంటే నష్టాల్లో ఉన్న రిక్రూట్‌మెంట్ గుడ్‌విల్‌ని జనరల్, ఐటీ లాభాల నీడలో పెట్టి 'విలువ తగ్గలేదు' అని చెప్పే వీలు దొరుకుతుంది. విడగొడితే ఆ గుడ్‌విల్ తన కాళ్ల మీద తాను నిలబడాలి. ఒకే సెగ్మెంట్ మాట వెనక ఎండీగారి మనసులో ఈ ఆలోచన లేకపోవచ్చు. కానీ ఆడిటర్ ముందుగా చూసేది ఇక్కడే. మీరే ముందు చూసుకోండి.

మార్జిన్ బయటపడుతుందన్న భయాన్ని తేలిగ్గా తీసిపారేయను. బేరం మీద బతికే వ్యాపారం ఇది, పర్చేజ్ డిపార్ట్‌మెంటుకు మన అంకె దొరికితే దాన్ని వాడుకుంటుంది. అయినా పోటీకి నష్టమన్న కారణంతో వెల్లడి మానుకునే మినహాయింపు ఈ స్టాండర్డ్‌లో లేదు. ఎండీగారికి ధైర్యం చెప్పేందుకు రెండు సంగతులున్నాయి. సెగ్మెంట్ నోట్‌లో కనిపించేది వందల మంది మీద తేలిన సగటు. ఏ క్లయింటుకూ తన కాంట్రాక్టు మార్జిన్ అందులో దొరకదు. పైగా సెగ్మెంట్ ఫలితం బ్రాంచీల, రిక్రూటర్ల ఖర్చులు పోయాక మిగిలిన అంకె, ఆ 20 శాతం అంత తిన్నగా కనిపించదు. ఇక పెద్ద క్లయింట్ల సంగతి. ఒక్క క్లయింటు నుంచి మొత్తం ఆదాయంలో 10 శాతం లేదా అంతకన్నా ఎక్కువ వస్తే ఆ విషయం, మొత్తం, అది ఏ సెగ్మెంట్‌లోదో చెప్పాలి. క్లయింటు పేరు చెప్పనక్కర్లేదు.

ఈ చర్చ నడుస్తుండగా ఎవరో ఒకరు 'మూడు షీట్లు ఆపేసి ఒకటే పంపు' అంటారు. వినకండి. ముగ్గురు హెడ్‌లకు వేర్వేరు టార్గెట్లు, వేర్వేరు ఇన్సెంటివ్‌లు ఉన్నన్నాళ్లు, బడ్జెట్ మూడు ముక్కలుగా బోర్డుకు వెళ్తున్నన్నాళ్లు షీటు ఆపినంత మాత్రాన సెగ్మెంట్లు మాయం కావు. పైగా ఆఫర్ డాక్యుమెంట్‌లో వ్యాపారాన్ని వివరించే అధ్యాయం ఐపీఓ నడిపించే మీ మర్చంట్ బ్యాంకర్లు ఎలా రాస్తున్నారో తెప్పించుకుని చదవండి. 'మూడు బలమైన వ్యాపారాలు' అని గొప్పగా రాసి, ఒక్కోదాని కీలక సూచీలు పట్టికలో పెట్టి ఉంటారు. వంద పేజీల తర్వాత నోట్‌లో 'ఒకే సెగ్మెంట్' అని ఉంటే ఆ వైరుధ్యం ఎవరికైనా కనిపిస్తుంది. ఎండీగారిని ఒప్పించడానికి మీ దగ్గరున్న బలమైన ఆధారం బహుశా ఇదే.

హెడ్ ఆఫీస్ ఖర్చుకు వద్దాం. అది 1.8 కోట్లు అనుకుందాం. టర్నోవర్ నిష్పత్తిలో పంచితే జనరల్ మీద 1.56 కోట్లు పడుతుంది, దాని లాభం 84 లక్షలకు జారుతుంది. గ్రాస్ మార్జిన్ నిష్పత్తిలో పంచితే దాని వాటా 77 లక్షలే, లాభం 1.63 కోట్లు. అదే వ్యాపారం, అదే ఏడాది, లాభం దాదాపు రెట్టింపు తేడా. ఐటీ లాభం ఆ రెండు పద్ధతుల్లో 1.99 కోట్లు, 1.54 కోట్లు. పంచే సూత్రం ఎంచుకునే మనిషి ఏ హెడ్‌ని హీరో చేయాలో కూడా ఎంచుకున్నట్టే. స్టాఫింగ్‌లో టర్నోవర్ ప్రకారం పంచడం నాకు ససేమిరా నచ్చదు, అసోసియేట్ జీతానికి హెడ్ ఆఫీస్ అద్దెతో సంబంధం ఏముంది?

ఎండీగారికి వెళ్లే షీట్లలో హెడ్ ఆఫీస్ ఖర్చు పంచకుండా ఉంటే నోట్‌లోనూ పంచకండి. 'కేటాయించని ఖర్చులు' అని విడిగా చూపించి, మూడు సెగ్మెంట్ల ఫలితాల నుంచి కంపెనీ లాభానికి లెక్క కలపండి. 2.4, 2.2 కలిపి, 1 తీసేసి, 1.8 తీసేస్తే 1.8 కోట్లు. ఎవరూ వేలెత్తి చూపలేరు. పంచదగ్గవి కొన్ని మాత్రం ఉంటాయి. పేరోల్ ప్రాసెసింగ్, పీఎఫ్-ఈఎస్ఐ చలాన్లు చూసే టీమ్ ఖర్చు అసోసియేట్ల సంఖ్య ప్రకారం పంచొచ్చు, వాళ్ల పని తలల లెక్కే కదా. ఏ పద్ధతి పెట్టుకున్నా ఏటా అదే నడవాలి. మార్చితే ఎందుకు మార్చారో, దాని ప్రభావమెంతో రాయాలి.

మీ రిక్రూట్‌మెంట్ టీమ్ ఐటీ విభాగానికి కూడా ఇంజినీర్లను వెతికి ఇస్తుంటుందని అనుకుంటున్నాను. దానికి లోపల రేటు ఏమైనా వేస్తున్నారా? వేస్తుంటే ఆ ఆదాయం సెగ్మెంట్‌లో కనిపించి, మొత్తంలో కొట్టేయాలి. రాబర్ట్ హాఫ్‌లో కాంట్రాక్టు విభాగం ప్రొటివిటీ ప్రాజెక్టులకు మనుషుల్ని ఇస్తుంది, ఆ లోపలి ఆదాయం తీసేసే చూపిస్తారు. అసలు రేటే వేయకపోతే, రిక్రూట్‌మెంట్ నష్టంలో కొంత ఐటీకి ఉచితంగా చేసిన పనిదై ఉండొచ్చు. ఎండీగారితో మాట్లాడే ముందు ఈ ఒక్క లెక్క తేల్చుకోండి.

ఆస్తుల గురించి క్లుప్తంగా చెప్తాను. జనరల్‌లో క్లయింటు ముందు డబ్బిచ్చాక జీతాలు వేసే కాంట్రాక్టులు ఎన్ని, మీరు ముందు జీతమిచ్చి తర్వాత వసూలు చేసుకునేవి ఎన్ని అన్నది విడగొట్టుకోండి. ఐటీలో రెండు మూడు నెలల అప్పు మామూలే. బకాయిల్ని సెగ్మెంట్లకు పంచితే మార్జిన్ బాగున్న ఐటీ ఎంత డబ్బు పట్టుకుని కూర్చుందో కనిపిస్తుంది. క్లయింట్లు మొత్తం బిల్లు మీద టీడీఎస్ కోస్తారు, మీ మిగులేమో కొంచెమే, కాబట్టి రిఫండ్ రావాల్సిన మొత్తం పేరుకుపోతుంది. కొత్తగా చేర్చుకున్నవారి జీతాల మీద ఆదాయపు పన్నులో ఇచ్చే తగ్గింపు తీసుకుంటుంటే ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. ఆ పన్ను బకాయిల్ని మామూలుగా కేటాయించని ఆస్తుల్లోనే ఉంచుతారు. ఎండీగారికి సెగ్మెంట్ల వారీ ఆస్తుల వివరం వెళ్లకపోతే వాటిని సృష్టించి నోట్‌లో పెట్టనక్కర్లేదు.

మీ స్థానం గురించి అడిగారు. ముందుగా ఒక మెమో రాయండి, తేదీ వేసి. ఎవరు నిర్ణయాలు తీసుకుంటారు, ఏ నివేదికలు చూస్తారు, మూడు పరీక్షల లెక్క, కలపడం ఎందుకు కుదరదు, గుడ్‌విల్ ఏ యూనిట్‌లో ఉంది, అన్నీ అందులో ఉండాలి. పాత నెలల షీట్లు, బోర్డు బడ్జెట్, హెడ్‌ల ఇన్సెంటివ్ లెటర్లు జతచేయండి. దాన్ని సీఎఫ్ఓ ద్వారా ఎండీగారికి ఇవ్వండి. ఆయనతో గొడవ పెట్టుకోవద్దు. లెక్కలు స్టాండర్డ్స్ ప్రకారం లేకపోతే కంపెనీల చట్టం సెక్షన్ 129 కింద జవాబు చెప్పాల్సింది ఎండీ, ఫైనాన్స్ డైరెక్టర్, సీఎఫ్ఓ, లేదా బోర్డు ఆ పని అప్పగించిన వ్యక్తి. ఆయన్ని కాపాడటానికే చెప్తున్నానన్న ధోరణిలో చెప్పండి, నిజం కూడా అదే. వినకపోతే విషయం ఆడిట్ కమిటీ ముందుకు వెళ్లాలి. ఆడిటర్లు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండి, షీట్లు దాచవద్దు. సంతకం పెట్టమని ఒత్తిడి వస్తే మాత్రం పెట్టకండి. మీ సీఏ సభ్యత్వం ఈ ఉద్యోగం కన్నా ఎక్కువ కాలం మీతో ఉంటుంది.

ఆఫర్ డాక్యుమెంట్‌లో మూడేళ్ల లెక్కలూ ఇదే సెగ్మెంట్ల ప్రకారం ఉండాలి. రిక్రూట్‌మెంట్ సంస్థను మధ్యలో కొన్నారు కనుక మొదటి ఏడాది ఆ కాలమ్ ఖాళీగా ఉంటుంది, ఫర్వాలేదు. కానీ జనరల్, ఐటీల ఖర్చులు ఆ ఏడాది విడివిడిగా రాసి ఉన్నారో లేదో నాకు అనుమానమే. ఈ వారమే పాత ట్రయల్ బ్యాలెన్సులు (ఖాతాల నిల్వల జాబితాలు) తెరిచి, కాస్ట్ సెంటర్లు, అంటే విభాగాల వారీ ఖర్చు ఖాతాలు, ఏ నెల నుంచి వేర్వేరుగా మొదలయ్యాయో చూడండి. మీకు ఎక్కువ సమయం పట్టే పని అదే.